డ్రైవర్ వైపు చాలు

ఆమెను అందరూ పళ్లక్క అనేవారు. చెట్టున కాసే పళ్లు కావు, నోట్లో ఉండే పళ్లు. దంతవైద్యుడి క్లినిక్కులో వెనక గదిలో కూచుని కట్టుడు పళ్లు తయారు చెయ్యడం ఆమె ఉద్యోగం. వీధిలోకి కొత్తగా దిగిన ఒకావిడ ఆ పేరు విని సంచీ పట్టుకొచ్చి, "డజను ఎలా ఇస్తున్నారు?" అని అడిగిందట. పళ్లక్క మొగుడు బస్సు కండక్టరు, మాటకు తడుముకునే మనిషి కాడు. "మా ఆవిడ విడిగా అమ్మదండీ, సెట్టుకు సెట్టు తీసుకోవాల్సిందే" అన్నాడట. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

పళ్లక్క తండ్రి డ్రైవింగ్ మాస్టారు. ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే, అదీ ఒకే ఒక్క కారులో. మీగడ రంగు కారది. రెండు పక్కలా తలుపుల పొడవునా నల్ల పట్టీలు, వాటి మధ్య సన్నటి వెండి గీత, అద్దాల చుట్టూ మెరిసే స్టీలు అంచులు, ముందూ వెనకా లావుపాటి నల్ల బంపర్లు. నేర్చుకునేవాళ్ల చేతుల్లో పడ్డాక ఆ సింగారం ఎన్నాళ్లుంటుంది? గోడలకు రాసుకుంది, గేట్లకు గీసుకుంది. ఏ సొట్ట ఎవరిదో మాస్టారికి కంఠతా వచ్చు. వెనక తలుపు మీది పట్టీ పోస్టుమాస్టరుగారు గేటుకేసి వంచింది. ముందు బంపరు మూల లెక్కల టీచరమ్మ కరెంటు స్తంభాన్ని పలకరించినప్పటిది. ఎవరైనా బాగు చేయించమంటే, "ఉండనీండి, నా శిష్యుల సంతకాలవి" అనేవాడు.

కూతురికి కూడా అందులోనే నేర్పాడు. క్లచ్చు వదలడం రాక ఆమె కారును కప్పలా గెంతిస్తుంటే పక్కన కూచుని ఒక్క కసురు కసిరేవాడు కాదు. "పాపం, అదీ నీలాగే భయపడుతోంది. ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి" అనేవాడు.

ఆయన పోయాక కారును అమ్మ ఉండే ఇంటి పక్క షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచేశారు. ఆ షెడ్డు తమ్ముడిది. మెకానిక్కు పని అతనిది, ఇంకా పెళ్లి కాలేదు, అమ్మతోనే ఉంటాడు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ గొంతు పెద్దది కావడంతో ఇంట్లో అతని పేరు హారన్. మంచం పట్టిన రోజుల్లోనే మాస్టారు కారు కాగితాలు కొడుకు పేర రాయించాడు. ఇంజను తెలిసినవాడు వాడేగా అని పళ్లక్క కూడా సంతోషించింది.

ఒక ఆదివారం హారన్ అక్క ఇంటికి వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అక్కా, నాన్న కారును మళ్లీ రోడ్డెక్కిద్దామే."

"నిద్రలో ఉన్నావేమిట్రా?"

"నిజం. ఇంజను నా పూచీ. పైన సింగారమంతా నీ పూచీ. పట్టీలూ, బంపర్లూ, అద్దాల రబ్బర్లూ. నీ చేతికి ఉన్న పనితనం నాకెక్కడిది? చెయ్యి తిరిగినదానివి."

"చేసి?"

హారన్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం ఆమెకు అప్పుడు ఆలోచనలా కనిపించింది. "నాన్న స్కూలు మళ్లీ తెరుద్దాం. ఆడవాళ్లకి నువ్వు నేర్పు. సాయంత్రాలు, ఆదివారాలు. బోర్డు మీద నీ పేరు."

ఆ మాట ఆమె గుండెలో ఎక్కడో ఎప్పటి నుంచో మూలపడి ఉన్న కోరికను సూటిగా తాకింది. తండ్రి తర్వాత ఆ సీట్లో తను కూచోవాలని ఆమె ఎవరితోనూ అనలేదు, మొగుడితో తప్ప. తను చెప్పకుండానే తమ్ముడు గ్రహించాడనుకుని పొంగిపోయింది. "ఒరేయ్, టీ తాగి వెళ్లరా" అంటూ లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

టార్పాలిన్ తీస్తే కారు చూడ్డానికి దిగులుగా ఉంది. రోడ్ల మీద తిరిగినన్నాళ్ల ఎండకీ వానకీ బంపర్ల నలుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. పట్టీల అంచులు లేచి మధ్యలో మట్టి దూరింది. అద్దాల చుట్టూ రబ్బరు ఎండిపోయి, ముట్టుకుంటే పెచ్చులు రాలుతోంది. వెనక మూత మీది పేరులో ఒక అక్షరం ఊడిపోయి, కారు పేరు తొర్రి పళ్లవాడి మాటలా తయారైంది.

పళ్లక్క ఆదివారాలన్నీ అక్కడే గడిపింది. తలుపుల మీది పట్టీలను ఊడబెరికితే రంగు లేచిపోతుందని, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి గాలి కొట్టి జిగురు మెత్తబడ్డాక, క్లినిక్కులో పళ్ల సందులు శుభ్రం చేసే దారాన్ని వెనక నుంచి రంపంలా లాగుతూ ఒక్కొక్కటే విడదీసింది. వెనక మిగిలిన పాత జిగురును వేలితో నులిమి నులిమి తీసింది. స్టీలు అంచుల్లోని సొట్టలను వెనక వైపు నుంచి చెక్క ముక్క ఆనించి నెమ్మదిగా తట్టి సమం చేసింది. పోస్టుమాస్టరుగారి పట్టీ చేతికొచ్చినప్పుడు మాత్రం కాసేపు ఆలోచించి, లోపలి వైపు వంకరను అలాగే వదిలేసింది. బంపర్లను సబ్బుతో తోమి, పాత పాలిషు మరకలు వదిలించి, చుట్టూ రంగు అంటకుండా టేపు వేసి, నల్ల రంగును స్పాంజితో పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసింది. అక్షరం విషయంలో మాత్రం ఆమెకు తిరుగే లేదు. అదే పేరులో ఆ అక్షరం ఇంకోచోట ఉంది. దాని మీద పళ్లకు తీసినట్టే అచ్చు తీసి, కట్టుడు పళ్లకు వాడే పదార్థంతోనే కొత్తది పోసింది. పాలిషు చక్రం మీద మెరుగుపెట్టి వెండి రంగు వేసి అతికిస్తే, ఏది పాతదో ఏది కొత్తదో ఆమెకే తెలియలేదు.

"కారుకు కూడా పన్ను కట్టావా!" అన్నాడు మొగుడు అది చూసి. "అది నవ్వితే చెప్పు, టిక్కెట్టు కొట్టేస్తా."

ఈ పనంతటిలో హారన్‌ది ఒకటే గొడవ. "అక్కా, డ్రైవర్ వైపు బాగా చెయ్యి. అటువైపు వదిలెయ్. ఎవరు చూస్తారు?"

"అదేం మాటరా? ముందు పళ్లు తోముకుని దవడ పళ్లు వదిలేస్తామా?"

"టైము పట్టేస్తోందే."

"తొందరేముంది? నాన్నేమైనా తరుముతున్నాడా?"

అతను నవ్వేసి కారు కింద దూరేవాడు. అమ్మ గుమ్మం మెట్ల మీద కూచుని ఇద్దరినీ చూసేది. అప్పుడప్పుడు, "అంత ఒళ్లు హూనం చేసుకోకే తల్లీ" అనేది. ఇంకేదో అనబోయి మింగేసినట్టుండేది. పెద్దదైపోయింది, మనసు నాన్న మీదికి పోయి ఉంటుంది అనుకునేది కూతురు.

క్లినిక్కులో ఆమె ఈ సంగతి దాచుకోలేకపోయింది. రిసెప్షన్‌లో కూచునే అమ్మాయి, నర్సమ్మ, ఎదురు కొట్టు టైలరమ్మ ముగ్గురూ నేర్చుకుంటామని ముందుకొచ్చారు. ముందెవరు అన్న దగ్గర నర్సమ్మకూ టైలరమ్మకూ చిన్న తగువు కూడా అయింది. "కుట్టుమిషను తొక్కడం కాదమ్మా ఇది" అంది నర్సమ్మ. "ఇంజక్షను పొడవడమూ కాదు" అంది టైలరమ్మ. పళ్లక్క ఇద్దరికీ సర్దిచెబుతూ, మాస్టారుగారి కుర్చీలో అప్పుడే కూచున్నంత గర్వపడింది.

పని చివరికొచ్చింది. ఆ మధ్యాహ్నం హారన్ ఏదో స్పేరు పార్టు కోసం బయటికి వెళ్లాడు. పళ్లక్క వెనక అద్దానికి కొత్త రబ్బరు ఎక్కిస్తోంది. సబ్బు నీళ్లు రాసి, కింద మధ్యలో మొదలుపెట్టి, బొటనవేళ్లతో నొక్కుకుంటూ మూల దాకా వచ్చింది. అప్పుడు షెడ్డు ముందు ఒక స్కూటరు ఆగింది. టోపీ పెట్టుకున్న మనిషి దిగి కారు చుట్టూ తిరిగాడు. ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు.

"అబ్బ, అదరగొట్టేశారమ్మా! మీ తమ్ముడు చెప్తే నమ్మలేదు. కొత్త కారే."

"మీరు...?"

"సినిమా వాళ్లమండీ. ఆర్ట్ డిపార్ట్‌మెంటు." అతను అటువైపు వెళ్లి వంగి చూశాడు. "అరెరె, ఈ వైపు కూడా చేసేశారా? డ్రైవర్ వైపు చాలని చెప్పానే. ఇటు కెమెరా ఉండదు. అనవసరంగా కష్టపడ్డారు."

కారును షూటింగుకు అద్దెకు ఇస్తున్నాడు కాబోలు, చెప్పనే లేదే అనుకుంది పళ్లక్క. కోపం కాదు, కాస్త ముచ్చటే వేసింది. "జాగ్రత్తగా తిప్పి ఇస్తారు కదండీ? పట్టీల జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎక్కువ నీళ్లు పడకూడదు."

ఆ మనిషి ఆమె వంక వింతగా చూశాడు. వేళాకోళం చేస్తోందనుకుని నవ్వాడు. "తిప్పి ఇవ్వడమేమిటమ్మా? సగం కట్టి వదిలేసిన వంతెన మీద నుంచి కింద పడేస్తాం. విలన్ కారు. ఒకటే టేకు. అందుకే బాగుండాలన్నాం. పాతది పడితే జనానికి అయ్యో అనిపించదు. ఇంత ముచ్చటైన కారు తుక్కుతుక్కయితేనే..."

అతను ఇంకేదో చెబుతున్నాడు. ఆమె చేతుల్లో రబ్బరు మూల దగ్గర జారి బయటికి వచ్చేసింది. దాన్ని మళ్లీ గాడిలో పెట్టాలని కూడా తోచలేదు. "మా తమ్ముడితో ఎప్పుడు మాట్లాడారు?" అని మాత్రం అడిగింది.

"ఎప్పుడో. టార్పాలిన్ కప్పి ఉన్నప్పుడే చూశాం. ఇంజను అంత అక్కర్లేదు, పైపై సోకు చెయ్యండి అన్నాం. మా అక్క ఉంది, ఆవిడ చేస్తుంది అన్నాడు."

అతను వెళ్లిపోయాక పళ్లక్క ముక్కాలిపీట మీద అలాగే కూలబడింది. అంటే వాళ్లు ముందు వచ్చారు. తమ్ముడు తన దగ్గరికి తర్వాత వచ్చాడు. నాన్న స్కూలు, బోర్డు మీద తన పేరు, ఆడవాళ్లకి నేర్పడం, అదంతా ఆ ఆగిన ఒక్క క్షణంలో అల్లిన మాట. పొరపాటున అన్నదీ కాదు. తన మనసులో ఏముందో బాగా తెలిసి, సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు.

హారన్ వచ్చి ఆమె ముఖం చూడగానే గ్రహించాడు. జీవితంలో మొదటిసారి అతని గొంతు చిన్నదైంది.

"అక్కా, నేనే చెబుదామనుకున్నా."

"ఎప్పుడు? వంతెన మీద నుంచి పడ్డాకనా?"

"ముందు చెబితే నువ్వు చెయ్యవు."

"చెయ్యను."

"అందుకే చెప్పలేదు." అతను అది పెద్ద సమాధానమైనట్టు అని, తర్వాత తనే తల దించుకున్నాడు. "వాళ్ల కంపెనీలో బళ్లన్నీ నన్నే చూసుకోమంటారే. ఈ కారు ఇస్తేనే. ఎన్నాళ్లని ఈ షెడ్డులో పడుంటాను? నాన్న కారు ఎలాగూ మూల పడి తుప్పు పట్టేదేగా."

"అయితే అలాగే అడగాల్సింది. నీ బతుకు కోసమంటే ఏడుస్తూనైనా ఇచ్చేదాన్నేమో. స్కూలు మాట ఎందుకు ఎత్తావురా? నన్ను ఆశపడేలా ఎందుకు చేశావు?"

అతను తెచ్చిన స్పేరు పార్టు పొట్లాన్ని ఊరికే విప్పసాగాడు.

ఆమె లేచి మెట్ల దగ్గరికి వెళ్లింది. "అమ్మా, చూశావా వీడు చేసిన పని?" అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. ఆ చూపుతో పళ్లక్కకు రెండో దెబ్బ తగిలింది. మొదటి దానికన్నా ఇదే లోతుగా దిగింది.

"నీకూ తెలుసా?"

"వాడు చెప్పొద్దన్నాడే."

"వాడు చెప్పొద్దంటే? ప్రతి ఆదివారం నేను ఆ నేల మీద పడి దొర్లుతుంటే చూస్తూ కూచున్నావా అమ్మా?"

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదే." అమ్మ కళ్లు తడిశాయి. "మీ నాన్న పోయాక నిన్ను అంత సంతోషంగా చూళ్లేదు. ఇన్నాళ్లయినా ఉండనీ అనుకున్నా. నేనెందుకు చెడగొట్టడం?"

అది ప్రేమో, పిరికితనమో పళ్లక్కకు అర్థం కాలేదు. ఇద్దరూ కలిసి తనను చిన్నపిల్లను చేసి బొమ్మ ఇచ్చి ఆడించినట్టనిపించింది. బొమ్మ లాక్కునే రోజు వాళ్లకు ముందే తెలుసు.

ఆమె షెడ్డులోకి వచ్చి తన పెట్టె తెరిచింది. వేడి గాలి మిషను ప్లగ్గులో పెట్టింది. దారం తీసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"కారు నీది. కాగితాలు నీ పేరు మీదే ఉన్నాయి, కాదనను. ఈ పని నాది. నా పని నేను తీసుకుపోతున్నా."

హారన్ బతిమాలాడు. పొద్దున్నే లారీ వస్తుందన్నాడు, మాట పోతుందన్నాడు. నీ కాళ్లు పట్టుకుంటానన్నాడు, నిజంగానే వంగాడు. ఆమె పక్కకు తప్పుకుని, అతికించినంత ఓపికగానే ఒక్కొక్క పట్టీ విడదీసింది. రంగు మీద ఒక్క గీత పడనివ్వలేదు. స్టీలు అంచులు, వెండి గీతలు, రబ్బరు, తను పోసిన అక్షరం, అన్నీ పాత దుప్పట్లో చుట్టింది. బంపర్లు ఒక్కటే మిగిలాయి. పూసిన నలుపును వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు. ఫోన్ చేస్తే మొగుడు వచ్చాడు. సంగతి విని, జోకులన్నీ ఎటు పోయాయో, మూట భుజాన వేసుకుని, "పద" అని మాత్రం అన్నాడు.

మర్నాడు క్లినిక్కుకు సెలవు పెట్టి ఆమె మళ్లీ అక్కడికి వెళ్లింది. వాళ్లు కారు చూసి వద్దని వెళ్లిపోతే చూడాలని ఆమెకు లోలోపల ఆశ. లారీ వచ్చింది. టోపీ మనిషి దిగి, బోసిపోయిన కారును చూసి నెత్తి గోక్కున్నాడు. కారణం అడగలేదు కూడా. కుర్రాళ్లను ఇద్దరిని కేకేశాడు. వాళ్లు నల్ల టేపు, వెండి టేపు చుట్టలు తెచ్చి, మాట్లాడుకుంటూ, ఈల వేసుకుంటూ, డ్రైవర్ వైపు తలుపుల మీద అడ్డంగా అతికించారు. అద్దాల చుట్టూ మెరుపు కాగితం అంటించారు. టీ తాగే లోపు అయిపోయింది.

అతను దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూశాడు. "ఇదే ఇంకా బాగా మెరుస్తోందమ్మా కెమెరాకి. ఏమీ అనుకోకండి."

పళ్లక్క కూడా చూసింది. అంత దూరం నుంచి నిజంగానే తేడా తెలియడం లేదు. తన ఆదివారాల ఆరాటమంతా ఎవరికీ అవసరమే లేనిది. తమ్ముడు అబద్ధం ఆడకపోయినా కూడా ఈ పని జరిగిపోయేది. ఉత్తపుణ్యానికి ఆడాడు. ఆ సంగతే ఆమెను ఎక్కువ దహించింది.

కారును లారీ ఎక్కించారు. గొలుసులు బిగించారు. అటువైపు బోసి తలుపులు వీధి వైపుకు తిరిగి ఉన్నాయి. లారీ మలుపు తిరిగే దాకా ఆమె నిలబడి, తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మ బీపీ మాత్రలు అయిపోవచ్చాయి. మీకు వీలైతే తెచ్చిపెట్టండి."

హారన్ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

క్లినిక్కులో ముగ్గురికీ ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సాకులు వెతకలేదు. టైలరమ్మ తమ్ముణ్ణి నోరారా తిట్టింది. రిసెప్షన్ అమ్మాయి మాత్రం కొన్నాళ్లాగి, తన మేనమామ కారు ఖాళీగా ఉంటుందని, ఆయన ఒప్పుకున్నాడని వచ్చి చెప్పింది. పళ్లక్క వెంటనే సరేననలేదు. "నువ్వు నిజంగా ఆయన్ను అడిగావా?" అని రెండుసార్లు అడిగింది. ఆ అమ్మాయి నొచ్చుకుంది. ఇదివరకు పళ్లక్క మనుషులను అలా అడిగేది కాదు. చివరికి ఆ మేనమామతో తనే మాట్లాడాకే నేర్పడానికి ఒప్పుకుంది.

సినిమా వచ్చింది. హారన్‌కు అనుకున్న ఉద్యోగమూ వచ్చింది. చేతికి మంచి వాచీ, వంటి మీద కంపెనీ చొక్కా. అమ్మను హాలుకు తీసుకెళ్లాడు. పళ్లక్క వెళ్లలేదు. మర్నాడు అమ్మే ఫోన్ చేసింది.

"ఏదే కారు? నేను కళ్లద్దాలు తుడుచుకునే లోపు అయిపోయింది. అంతా పొగే."

"సరేనమ్మా. మందులు వేసుకున్నావా?"

అమ్మతో ఆమె మాట్లాడటం మానలేదు. కానీ ఏదైనా సంతోషం కలిగితే పరుగెత్తుకెళ్లి ముందు అమ్మకు చెప్పే అలవాటు మానుకుంది. అది తల్లికి తెలుస్తూనే ఉంది.

హారన్ ఓ సాయంత్రం అక్క ఇంటికి వచ్చాడు. బావ కుర్చీ వేశాడు కానీ మాటలు సాగలేదు. పళ్లక్క టీ ఇచ్చింది. "పంచదార సరిపోయిందా అండీ?" అంది.

అతను కప్పు కింద పెట్టేశాడు. "అక్కా, తిట్టవే. చెంప పగలగొట్టు. ఈ మీరూ, అండీ నా వల్ల కావడం లేదే. ఒక్కసారి ఒరేయ్ అను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అనాలనే ఉంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అక్కడి నుంచి ముందుకు కదల్లేదు. తను కావాలని ఆపడం లేదని, అది రావడమే లేదని ఆమెకే అప్పుడు తెలిసి భయమేసింది.

"చల్లారిపోతోంది, తాగండి" అని ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది.